మిద్దె మీద నావిక్ రిసీవర్: ప్రాజెక్టు డైరీ

అమెరికా జీపీఎస్‌కి మన దేశం సొంతంగా నడిపే లొకేషన్ ఉపగ్రహాల వ్యవస్థ నావిక్‌ను కలిపితే లొకేషన్ ఎన్ని మీటర్లు మెరుగవుతుంది? బెంగళూరులో, కుందలహళ్లి దగ్గర మేముంటున్న ఇంటి మిద్దె మీద, చివర్లో చుట్టుపక్కల సందుల్లో, 2025 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఈ ఒక్క సంగతే కొలిచాను. ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు నేను పోగొట్టుకున్న వారాలు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను. అందుకే చెడిపోయిన రోజుల గురించే ఎక్కువ ఉంటుంది.

కింద ఎక్కడ "తేడా" అని అంకె ఇచ్చినా దాని అర్థం ఒకటే: 100 రీడింగుల్లో 95 అసలు బిందువు నుంచి ఎన్ని మీటర్ల లోపల పడ్డాయి అని. నేల మీది తేడా మాత్రమే, ఎత్తు లెక్కలోకి తీసుకోలేదు.

దశ 1: తొమ్మిది గంటలు, ఒక్క నావిక్ ఉపగ్రహమూ లేదు (ఆగస్టు 16, 17)

నావిక్ ఎల్5 (అది వాడే ఒక రేడియో బ్యాండ్) పడుతుందని రాసి ఉన్న రెండు బ్యాండ్ల రిసీవర్ బోర్డు కొన్నాను. దానికి చిన్న చదరపు యాంటెన్నా కొని తగిలించాను. జీపీఎస్ ఉపగ్రహాలు 10, 11 వచ్చాయి. నావిక్ వరుస మాత్రం రెండు రోజులూ ఖాళీ. సెట్టింగుల్లో ఏదో ఆఫ్ అయి ఉందనుకుని ఫర్మ్‌వేర్ రెండుసార్లు మళ్లీ ఎక్కించాను.

తప్పు బోర్డులో లేదు. జీపీఎస్ ఎల్1 సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. నావిక్ మామూలు జనం వాడుకునే సిగ్నల్ ఎల్5, అంటే 1176.45 మెగాహెర్ట్జ్. ఇంకొకటి ఎస్ బ్యాండ్‌లో, 2492.028 దగ్గర ఉంది కానీ చౌక బోర్డులు దాన్ని పట్టవు. నా యాంటెన్నా లోపలి ఫిల్టర్ ఎల్1 తప్ప మిగతాదంతా కోసేస్తోంది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 అనే కొత్త ఉపగ్రహం నుంచి నావిక్ కూడా ఎల్1లో సిగ్నల్ ఇవ్వడం మొదలుపెట్టింది కానీ అంతకుముందు ఎగిరినవాటిలో అది లేదు. కాబట్టి ఎల్5 పట్టే యాంటెన్నా లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

కొనే ముందు చూడాల్సినవి:

1. యాంటెన్నా వివరాల్లో ఎల్5 అనో, 1176 అనో స్పష్టంగా ఉండాలి. "మల్టీ బ్యాండ్" అన్న మాట చాలదు, అది ఎల్1, ఎల్2 కూడా కావచ్చు.
2. బోర్డు రా డేటా (ఒక్కో ఉపగ్రహం నుంచి వచ్చిన కొలతలు) బయటికి ఇవ్వాలి. లొకేషన్ మాత్రమే ఇచ్చే బోర్డుతో తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు.
3. బోర్డు యాంటెన్నాకు ఇచ్చే వోల్టేజీ, యాంటెన్నాకు కావలసిన వోల్టేజీ సరిపోవాలి. నాది 3.3 వోల్టులు.

ఇప్పటిదాకా: బోర్డు 8,900, పనికిరాని యాంటెన్నా 450. మొత్తం 9,350 రూపాయలు. లాగ్ (రీడింగులు రికార్డు చేసిన సమయం) 9 గంటలు.

దశ 2: కొత్త యాంటెన్నా, పాత తేదీ (సెప్టెంబరు 6, 7)

ఎల్1, ఎల్5 రెండూ పట్టే యాంటెన్నా 3,200, పది మీటర్ల కేబుల్ 780. మిద్దె పడమటి పిట్టగోడ మూలన పెట్టాను. ఇరవై నిమిషాల్లో నాలుగు నావిక్ ఉపగ్రహాలు వచ్చాయి.

నావిక్ డిజైన్ ఏడు ఉపగ్రహాలది. మూడు భూమధ్యరేఖ పైన నిలబడినట్టే ఉంటాయి, నాలుగు 29 డిగ్రీల వాలు కక్ష్యల్లో ఉత్తరానికీ దక్షిణానికీ 8 అంకె గీస్తూ తిరుగుతాయి. అన్నీ సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులోనే. 2013 జులై 1న వెళ్లిన మొదటిదాని రుబీడియం అణు గడియారాలు మూడూ తర్వాత చెడిపోయాయి. దాని బదులు పంపింది 2017 ఆగస్టులో రాకెట్ హీట్ షీల్డ్ విడిపోక వృథా అయింది. 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. గడియారం ఆగిన ఉపగ్రహం ఆకాశంలో ఉన్నా లొకేషన్ లెక్కకు అక్కరకు రాదు. నా లాగ్‌లో లెక్కకు పనికొచ్చినవి నాలుగే: 32.5 డిగ్రీల తూర్పు దగ్గర ఒకటి, 55 దగ్గర 8 గీసే జంట, తూర్పున 129.5 దగ్గర ఒకటి. మిద్దె మీద నిలబడి చూస్తే పడమటి వైపు మూడు, తూర్పున దిగువగా ఒకటి. ఈ అమరిక గుర్తుంచుకోండి, తర్వాత ప్రతి కష్టమూ ఇక్కడి నుంచే వచ్చింది.

ఫైళ్లు మార్చి చూస్తే జీపీఎస్ డేటా 2025 సెప్టెంబరు 7న ఉంది, నావిక్ డేటా 2006 జనవరి 22న ఉంది. రెండూ ఒకే నిమిషంలో పట్టినవి. నావిక్ కాలం 1999 ఆగస్టు 22 నుంచి మొదలవుతుంది. సందేశంలో వారం అంకెకు పది బిట్లే చోటు, 1024 వారాలు దాటగానే మళ్లీ సున్నా. ఆ సున్నా 2019 ఏప్రిల్‌లో వచ్చేసింది. నేను వాడిన మార్పిడి స్క్రిప్టులో ఆ సంగతి లేదు. వారం అంకెకు 1024 కలిపే ఒక్క లైను రాశాక రెండూ ఒకే రోజుకు వచ్చాయి. ఆదివారం సాయంత్రం అంతా దీనికే పోయింది.

ఇప్పటిదాకా: 13,330 రూపాయలు. లాగ్ 31 గంటలు.

దశ 3: అసలు బిందువు ఎక్కడుంది? (సెప్టెంబరు 13)

తేడా కొలవాలంటే యాంటెన్నా నిజంగా ఎక్కడుందో ముందు తెలియాలి. మా బావ సర్వే పనుల్లో ఉన్నాడు, కదిరి నుంచి పని మీద వచ్చినప్పుడు వాళ్ల రోవర్ (సర్వే రిసీవర్) తెచ్చి, కరెక్షన్ నెట్‌వర్క్‌కు కలిపి, రెండు మూడు సెంటీమీటర్ల లోపల కొలిచి కాగితం ఇచ్చాడు.

ఆ కాగితం ప్రకారం నా రీడింగులన్నీ ఈశాన్యానికి మీటరు పైగా జరిగి ఉన్నాయి. జీపీఎస్ ఒక్కటే వాడినా అంతే. రెండు రాత్రులు రిసీవర్‌నే తప్పుబట్టాను. చివరికి ఫోన్ చేస్తే బావ ఒకే మాట అడిగాడు:

"కాగితం అడుగున ఎపాక్ ఏముందో చూశావా?"

2005 అని ఉంది. అంటే ఆ అక్షాంశ రేఖాంశాలు 2005లో ఈ మిద్దె ఉండాల్సిన చోటివి. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. బెంగళూరులో ఉత్తరానికి మూడున్నర, తూర్పుకు నాలుగు చిల్లర సెంటీమీటర్లు. ఇరవై ఏళ్లకు ఉత్తరానికి 70, తూర్పుకు 84, కలిపి దాదాపు 1.1 మీటర్లు. ఉపగ్రహాలు ఈ రోజు చోటు చెబుతున్నాయి, కాగితం ఇరవై ఏళ్ల కిందటి చోటు చెబుతోంది. కాగితం అంకెల్ని ఈ ఏడాదికి జరిపాక ఆ మీటరు తేడా పోయింది.

సర్వే బిందువు ఎవరిచ్చినా ముందు ఎపాక్ అడగండి. మీటరు లోపలి తేడాల కోసం వెతికేటప్పుడు ఇదొక్కటే మొత్తం ఫలితాన్ని తప్పు చేయగలదు.

దశ 4: నావిక్ కలిపితే ఇంకా చెడింది (సెప్టెంబరు 19 నుంచి 21)

మూడు రోజులు ఆపకుండా లాగ్ చేశాను.

జీపీఎస్ ఎల్1 ఒక్కటే: 4.6 మీటర్లు.
జీపీఎస్, నావిక్ కలిపి: 6.2 మీటర్లు.
నావిక్ ఒక్కటే: 38 మీటర్లు.

నావిక్ ఒక్కటే అంత చెడ్డగా ఉండడానికి కారణం పైన చెప్పిన అమరికే. నాలుగు ఉపగ్రహాల్లో మూడు ఒకే వైపు. 55 డిగ్రీల జంటలో ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన ఉన్న గంటల్లో పరవాలేదు. రోజుకు రెండుసార్లు అవి దగ్గరికి వచ్చినప్పుడు లెక్కకు నాలుగున్నా నిజానికి మూడున్నట్టే, అప్పుడు రీడింగు వీధి చివరికి వెళ్లిపోయింది. నావిక్ ఒక్కదానితో లొకేషన్ తీయాలని ఇప్పట్లో ప్రయత్నించకండి.

నన్ను ఆపేసింది మధ్య అంకె. ఉపగ్రహాలు పెరిగితే లొకేషన్ మెరుగవ్వాలి కదా, 4.6 కాస్తా 6.2 ఎలా అయింది? గంటల వారీగా విడదీస్తే మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బాగా చెడుతోంది, తెల్లవారుజామున దాదాపు సమానంగా ఉంది. మధ్యాహ్నం అనగానే ఐనోస్పియర్ (వాతావరణం పై పొర) మీద అనుమానం వచ్చింది. ఎండకు ఆ పొరలో ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, సిగ్నల్ ఆలస్యమవుతుంది. బెంగళూరు అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి మనకు అది ఇంకా ఎక్కువ. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఆలస్యం వర్గం లెక్కన పెరుగుతుంది. ఎలక్ట్రాన్ల లెక్క ఒక యూనిట్ పెరిగితే ఎల్1లో 16 సెంటీమీటర్లు, ఎల్5లో 29. మధ్యాహ్నం 60 యూనిట్లు ఉంటే ఎల్5 సిగ్నల్ నడినెత్తి నుంచి వచ్చినా 17 మీటర్లు దూరం చూపిస్తుంది.

నా స్క్రిప్టు జీపీఎస్ సందేశంలోని ఐనోస్పియర్ సవరణను ఎల్1 కోసం లెక్కగట్టి, అదే అంకెను నావిక్ ఎల్5కీ వేస్తోంది. దాన్ని 1.793తో గుణించాలి. 1575.42ను 1176.45తో భాగించి వర్గం చేస్తే వచ్చే అంకె అది. మళ్లీ లెక్క వేశాను: 6.2 నుంచి 5.1కి వచ్చింది. ఇంకా జీపీఎస్ ఒక్కదానికంటే చెడ్డదే.

సెప్టెంబరు చివరి వారంలో రాత్రి 8 నుంచి 11 మధ్య సిగ్నల్ బలం మినుకుమినుకుమంది, ఎల్5లో మరీ. పొద్దుకుంగాక ఈ అక్షాంశాల్లో ఐనోస్పియర్‌లో బుడగలు లేస్తాయి, విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే) నెలల్లో ఎక్కువ. ఆ గంటల్ని లెక్కలోంచి తీసేయలేదు. తీసేస్తే అంకెలు అందంగా ఉంటాయి కానీ మన ఊరి అంకెలు కావు.

ఇప్పటిదాకా: 13,330 రూపాయలు. లాగ్ 103 గంటలు.

దశ 5: కదలని ఉపగ్రహం, కదలని తప్పు (అక్టోబరు మొదటి పక్షం)

ఈ దశకు ఎక్కువ చోటు ఇస్తున్నాను, మొత్తం పనిలో నాకు దొరికింది ఇదే కాబట్టి.

ఒక్కో ఉపగ్రహం దూరం ఎంత తప్పు చెబుతోందో విడివిడిగా గీశాను. జీపీఎస్ ఉపగ్రహాల గీతలు గంటలోపే మూడు మీటర్లు పైకీ మూడు కిందికీ ఊగుతాయి, సగటు తీస్తే సున్నాకు దగ్గరగా వస్తాయి. 32.5 డిగ్రీల దగ్గరిది మాత్రం రోజంతా 4.2 మీటర్ల దగ్గర తాడు కట్టినట్టు నిలబడింది. పగలూ రాత్రీ అంతే. 24 గంటల సగటు తీసినా 4.2 అలాగే ఉంటుంది.

యాంటెన్నాకు పడమరగా, రెండు మీటర్ల లోపల, ఓనర్ అంకుల్ వాళ్ల సోలార్ వాటర్ హీటర్ ఉంది. ఆ ఉపగ్రహం ఇక్కడి నుంచి పడమరకు కాస్త దక్షిణంగా, 36 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. నేరుగా వచ్చే సిగ్నల్‌తో పాటు హీటర్ ట్యాంకు రేకుకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ కూడా యాంటెన్నాలో పడుతోంది. జీపీఎస్‌కీ ఇదే ట్యాంకు అడ్డం, కానీ జీపీఎస్ ఉపగ్రహం ఆకాశంలో కదులుతుంది కాబట్టి తిరిగొచ్చే దారి మారుతూ పోతుంది, తప్పు కాసేపు ఎక్కువ, కాసేపు తక్కువ. నిలబడ్డ ఉపగ్రహానికి ట్యాంకు కదలదు, దారి మారదు, తప్పూ మారదు. "ఒక రోజంతా సగటు తీస్తే సరిపోతుంది" అని జీపీఎస్‌తో నేర్చుకున్న పాఠం ఇక్కడ పనిచేయదు.

దీనికి తోడు ఇంకో సంగతి. ఎల్5 అంటే జీపీఎస్ ఎల్5 అంత పదునుగా ఉంటుందనుకున్నాను. జీపీఎస్ ఎల్5 కోడ్ సెకనుకు 1.023 కోట్ల చిప్పులతో (కోడ్‌లోని ఒక్కో తునక ఒక చిప్పు) వస్తుంది, ఒక్కో చిప్పు పొడవు 29 మీటర్లు. నావిక్ ఎల్5లో మామూలు జనానికి ఇచ్చే కోడ్ అందులో పదో వంతు వేగం, చిప్పు 293 మీటర్లు. చిప్పు ఎంత పొడవైతే ప్రతిఫలించిన సిగ్నల్‌ను విడదీయడం అంత కష్టం.

పండగ రోజుల్లో గీతలో మరొకటి కనిపించింది. ఎండ కాసిన రోజు 11 గంటల 20 నిమిషాలకు అదే ఉపగ్రహం గీత ఒక్కసారిగా 1.5 మీటర్లు ఎగిరి, సాయంత్రం 4కి మళ్లీ దిగుతోంది. మబ్బు రోజుల్లో లేదు. కింది వాటా ఆంటీ ఇనుప మంచం తెచ్చి దాని మీద మిరపకాయలు ఎండబెడుతున్నారు, యాంటెన్నా పక్కనే. అడిగితే "ఎండ ఆ మూలనే బాగా పడుతుంది బాబూ, నీ గొట్టానికేమైనా ఇబ్బందా?" అన్నారు. మంచం జరపమనడం నాకు న్యాయం అనిపించలేదు. యాంటెన్నానే జరపాలి.

చేసిన మార్పు:

1. యాంటెన్నాను పిట్టగోడ మూల నుంచి మెట్లగది పైకప్పుకు మార్చాను. ఇప్పుడది హీటర్ ట్యాంకు కంటే 1.6 మీటర్లు ఎత్తులో ఉంది.
2. జీఐ పైపు, దాని కింద ఇనుప పలక వెల్డింగ్ షాపులో చేయించాను: 640.
3. యాంటెన్నా కింద 30 సెంటీమీటర్ల గుండ్రటి అల్యూమినియం పలక బిగించాను: 350. కింది నుంచి తగిలి వచ్చే సిగ్నల్‌ను ఇది చాలావరకు ఆపుతుంది.
4. కనెక్టర్‌కు సాగదీసి చుట్టే రబ్బరు టేపు: 180. సెప్టెంబరు వానకు నీళ్లు చేరి సిగ్నల్ బలం 43 నుంచి 34కు పడిపోయింది, విప్పితే లోపలి పిన్ను పచ్చబడి ఉంది. మామూలు కరెంటు టేపు బెంగళూరు సాయంత్రం వానకు ఆగదు.
5. చోటు మారింది కాబట్టి కొత్త బిందువును పాతదాని నుంచి టేపుతో, మట్టపు గొట్టంతో కొలిచి మళ్లీ లెక్కగట్టాను.

నాలుగు రోజుల కొత్త లాగ్: పడమటి ఉపగ్రహం 4.2 నుంచి 1.1 మీటర్లకు దిగింది. మంచం ఎక్కడుందో ఇప్పుడు గీతలో కనిపించదు.

జీపీఎస్ ఒక్కటే: 4.1 మీటర్లు.
జీపీఎస్, నావిక్ కలిపి: 3.4 మీటర్లు.

కలిపితే మెరుగవడం ఇదే మొదటిసారి. ఆ తర్వాత లెక్కలో నావిక్ కొలతలకు కొంచెం తక్కువ బరువు ఇచ్చాను, 3.1 అయింది. సెట్టింగులన్నీ మార్చి వచ్చింది ఒక ఎత్తు, యాంటెన్నాను ఆరు మెట్లు పైకి ఎక్కించి వచ్చింది ఒక ఎత్తు.

ఇప్పటిదాకా: 14,500 రూపాయలు. లాగ్ 199 గంటలు.

మధ్యలో ఒక మాట: గగన్ వేరు, నావిక్ వేరు

మా ఆఫీసులో కూడా ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. నావిక్ సొంత ఉపగ్రహాల వ్యవస్థ. గగన్ అమెరికా జీపీఎస్‌కు సవరణలు పంపే వ్యవస్థ, ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం కట్టింది. దేశంలో 15 చోట్ల జీపీఎస్‌ను కొలిచి, తప్పు ఎంతో లెక్కగట్టి, జీశాట్ ఉపగ్రహాల నుంచి కిందికి పంపుతారు. ఆ లెక్క జరిగేది మా కుందలహళ్లిలోనే. బోర్డులో గగన్ ఆన్ చేస్తే జీపీఎస్ తేడా 4.1 నుంచి 2.3కు వచ్చింది. ఒక్క సెట్టింగ్, రూపాయి ఖర్చు లేదు. ఆకాశం తెరిచి ఉన్న మిద్దె మీదో పొలంలోనో మీ అవసరం ఇంతే అయితే గగన్ ఆన్ చేసి ఆగిపోవచ్చు. గగన్ సవరణ జీపీఎస్‌కే, నావిక్‌ను అది సరిచేయదు.

దశ 6: సందులో నడక (నవంబరు 8, 9)

మిద్దె మీద కాదు, ఇరుకు సందులో నావిక్ అక్కరకొస్తుందా అన్నది నా అసలు ప్రశ్న. డెలివరీ అబ్బాయిలు మా గేటు దొరక్క వెనక సందులో నిలబడి ఫోన్ చేయడం రోజూ చూస్తున్నాను. రెండు సందులు తీసుకున్నాను, రెండూ ఆరు మీటర్ల వెడల్పు, రెండు వైపులా నాలుగంతస్తుల ఇళ్లు. ఒకటి తూర్పు పడమరగా, ఒకటి ఉత్తర దక్షిణంగా. మిద్దె బిందువు నుంచి టేపుతో కొలుచుకుంటూ నేల మీద సుద్దముక్కతో 12 గుర్తులు పెట్టి, పీవీసీ పైపుకు యాంటెన్నా కట్టి ఒక్కో గుర్తు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను.

తూర్పు పడమర సందు, మొదటిసారి: జీపీఎస్ 14.2, నావిక్ కలిపితే 14.1. ఏమీ మారలేదు. అక్కడ కనిపించిన నావిక్ ఉపగ్రహం ఎక్కువ చోట్ల ఒక్కటే. జీపీఎస్ గడియారానికీ నావిక్ గడియారానికీ రిసీవర్‌లో కొంత తేడా ఉంటుంది, దాన్ని నా లెక్క ప్రతి సెకనూ కొత్తగా కనుక్కుంటోంది. ఉన్న ఒక్క ఉపగ్రహం ఆ తేడా కనుక్కోవడానికే ఖర్చయిపోతే లొకేషన్‌కు మిగిలేదేమీ లేదు.

మార్చిన పద్ధతి:

1. నడకకు ముందు మిద్దె మీద అరగంట లాగ్ చేసి గడియారాల తేడా కనుక్కోవాలి. నాకు 47 నానోసెకన్లు వచ్చింది, అంటే 14 మీటర్లు.
2. రిసీవర్ ఆఫ్ చేయకుండా కిందికి దిగాలి.
3. సందు లెక్కలో ఆ 47ను మార్చకుండా ఉంచాలి.
4. తిరిగొచ్చి మిద్దె మీద మళ్లీ చూడాలి. నాకు 48 వచ్చింది, సరిపోతుంది.

రెండోసారి: 14.2 నుంచి 10.6 మీటర్లు.

ఉత్తర దక్షిణ సందులో మాత్రం ఈ పద్ధతితోనూ 17.8కి 17.9. పడమటి ఉపగ్రహాలను గోడలు పూర్తిగా మింగేశాయి. తూర్పు పడమర సందులో 36 డిగ్రీల ఎత్తులోని ఉపగ్రహం సందు పొడవునా, గోడల అంచును రాసుకుంటూ కనిపిస్తుంది. కొన్ని గుర్తుల దగ్గర ఒక అడుగు పక్కకు జరిగితే పోయింది. నెత్తి మీద, 83 డిగ్రీల తూర్పు దగ్గర ఒక ఉపగ్రహానికి నావిక్ డిజైన్‌లో చోటుంది. బెంగళూరుకు అది 73 డిగ్రీల ఎత్తులో, ఆగ్నేయానికీ దక్షిణానికీ మధ్య ఉంటుంది. అక్కడి నుంచి గడియారం ఆడుతున్న సిగ్నల్ వస్తే ఉత్తర దక్షిణ సందుకే మొదటి లాభం. ఆ ఉపగ్రహం కోసం నేను నిజంగా ఎదురు చూస్తున్నాను.

మొత్తం: 14,500 రూపాయలు, అందులో 450 వృథా. లాగ్ 204 గంటలు. సుద్ద గుర్తుల పక్కన ఇనుప మేకులు దిగ్గొట్టి ఉంచాను, వాన వచ్చినా పోకుండా. కొత్త ఉపగ్రహం సిగ్నల్ ఇవ్వగానే ఉత్తర దక్షిణ సందులో అవే చోట్ల మళ్లీ నిలబడతాను.